మసక గీత చెప్పే ఆక్సిజన్ లెక్క

సప్తర్షి మండలం తోక చివర మరీచి, దానికి ముందు అరుంధతీ సమేతుడైన వసిష్ఠుడు. ఈ రెండు చుక్కలతో త్రిభుజం గీస్తే మూడో మూలన ఎం101 అనే సర్పిల గెలాక్సీ ఉంటుంది. మనకు సుమారు 2.1 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. అయినా అక్కడి నీహారికల్లో ఆక్సిజన్ ఎంత ఉందో శాస్త్రవేత్తలు లెక్కగట్టగలిగారు. ఆధారం వెలుగు ఒక్కటే.

కొత్తగా పుట్టిన భారీ నక్షత్రాల అతినీలలోహిత కిరణాలు చుట్టూ ఉన్న వాయువు నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. అప్పుడు ఒక్కో మూలకం తనకే చెందిన రంగుల్లో వెలుగుతుంది. 1864లో విలియం హగిన్స్ ఒక నీహారిక వర్ణపటంలో ఆకుపచ్చ గీతలు చూశాడు. అవి తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. దాంతో ‘నెబ్యులియం’ అనే కొత్త మూలకాన్ని ఊహించారు. 1927లో ఐరా బోవెన్ చిక్కుముడి విప్పాడు: అవి రెండు ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఆక్సిజన్‌వి. భూమ్మీది వాయువుల్లో అణువుల తాకిడి వల్ల ఆ కాంతి వెలువడే అవకాశమే రాదు. నీహారికలు అతి పలుచన కాబట్టి అక్కడ వస్తుంది.

గీత ఎంత ప్రకాశంగా ఉంటే మూలకం అంత ఎక్కువ అనుకుంటే పొరపాటే. ఆక్సిజన్ తన వెలుగుతో వేడిని బయటికి పంపేస్తుంది. ఆక్సిజన్ పెరిగితే వాయువు చల్లబడుతుంది, చల్లబడితే గీత మసకబారుతుంది. అందుకే ముందు ఉష్ణోగ్రత తెలియాలి. దాన్ని చెప్పేది 436.3 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి ఆక్సిజన్ గీత. అది పుట్టాలంటే 495.9, 500.7 నానోమీటర్ల ఆకుపచ్చ జంట కన్నా ఎక్కువ శక్తి గల ఎలక్ట్రాన్ తాకిడి కావాలి. కనుక వీటి నిష్పత్తే థర్మామీటరు. 10,000 కెల్విన్ల వద్ద ఆ గీత వెలుగు జంట గీతల వెలుగులో సుమారు రెండు వందల్లో ఒక వంతే. ఉష్ణోగ్రత తేలాక ఆక్సిజన్ గీతలను హైడ్రోజన్ గీతతో పోలిస్తే పరమాణువుల నిష్పత్తి వస్తుంది.

సర్పిల గెలాక్సీల్లో కేంద్రం నుంచి అంచుకు వెళ్లేకొద్దీ ఈ గీతల తీరు మారుతుందనీ, మూలకాల పరిమాణంలో తేడాయే దానికి కారణమనీ 1971లో లెనర్డ్ సెర్ల్ చూపించాడు. అరిజోనాలోని లార్జ్ బైనాక్యులర్ టెలిస్కోప్‌కు 8.4 మీటర్ల అద్దాలు రెండున్నాయి. దానితో ఎం101లో డెబ్బైకి పైగా నీహారికల్లో ఇలాంటి బలహీన గీతలను పట్టుకున్నారు. సూర్యుడిలో పది లక్షల హైడ్రోజన్ పరమాణువులకు సుమారు 490 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. ఎం101 కేంద్రం దగ్గర దాదాపు అంతే, బయటి అంచున అందులో పదో వంతు కన్నా తక్కువ.

ఆక్సిజన్ తయారయ్యేది భారీ నక్షత్రాల గర్భంలో. అవి పేలిపోయినప్పుడే వాయువులో కలుస్తుంది. కేంద్రంలో ఎక్కువ ఉందంటే అక్కడ ఎక్కువ తరాల నక్షత్రాలు పుట్టి గతించాయన్నమాట. గెలాక్సీ లోపలి నుంచి బయటికి పెరిగిందన్న అవగాహనకు ఇది గట్టి ఆధారం.

ఒక చిక్కు మిగిలే ఉంది. ఎలక్ట్రాన్లు అయాన్లతో తిరిగి కలిసేటప్పుడు వచ్చే మరీ మసక గీతలతో లెక్కిస్తే ఆక్సిజన్ తరచూ రెట్టింపు తేలుతుంది. వాయువులో ఉష్ణోగ్రత అంతటా ఒకేలా లేకపోవడమే కారణమని కొందరి వాదన. ఇది తేలితే తప్ప దూరపు గెలాక్సీల రసాయన చరిత్రను మనం నమ్మకంగా రాయలేం.