పద్నాలుగు జేబుల గుడ్డ సంచి

ఆరోగ్య ఉపకేంద్రం గోడకు వేలాడే ట్రాకింగ్ బ్యాగు చూడ్డానికి యంత్రంలా ఉండదు. నిలువుగా ఒక గుడ్డ, దాని మీద వరుసగా కుట్టిన 14 జేబులు. మొదటి పన్నెండింటి మీద జనవరి నుంచి డిసెంబరు దాకా నెలల పేర్లుంటాయి. పదమూడోది ఊరు విడిచిన పిల్లల చీటీలకు, చనిపోయిన పిల్లల చీటీలకు. పద్నాలుగోది టీకాలన్నీ పూర్తయినవారికి. జాతీయ టీకా కార్యక్రమం ఏఎన్‌ఎంల కోసం నిర్దేశించిన ఈ సంచిలో కదిలే భాగం చీటీ ఒక్కటే.

ఆ చీటీ తల్లీబిడ్డల రక్షణ కార్డుకు కౌంటర్‌ఫాయిల్. కార్డు తల్లి దగ్గర, చీటీ ఏఎన్‌ఎం దగ్గర ఉంటాయి. రెండింటి మీదా అవే పేర్లు, అవే తేదీలు. టీకా వేసిన రోజున రెండింటిలోనూ నమోదు చేసి, తర్వాతి టీకా ఏ నెలలో పడుతుందో చూసి, చీటీని ఆ నెల జేబులో వేస్తారు. సంచి పనితనమంతా ఈ చిన్న కదలికలోనే ఉంది.

రిజిస్టరుతో పోల్చితే దీని తెలివి బయటపడుతుంది. రిజిస్టరులో పిల్లలు నమోదైన వరుసలో ఉంటారు. ఫలానా పాపకు ఏమేం వేశారు అని అడిగితే అది వెంటనే చెబుతుంది. ఈ బుధవారం ఎవరెవరికి వేయాలి అని అడిగితే మాత్రం మొదటి పేజీ నుంచి చివరి దాకా ప్రతి గడీ మీద వేలు పెట్టి చూడాల్సిందే. సంచి సరిగ్గా రెండో ప్రశ్న కోసమే పుట్టింది. అందులో పిల్లలు పేరును బట్టి కాక, రాబోయే పనిని బట్టి సర్దుకుని ఉంటారు. ఆ నెల జేబులో చెయ్యి పెడితే వచ్చేదే ఆ నెల జాబితా.

జూన్ 10న పుట్టిన బిడ్డను తీసుకుంటే, పుట్టిన వెంటనే వేసే టీకాల తర్వాత ఆరు వారాల డోసు జులై 22న పడుతుంది. చీటీ జులై జేబులోకి వెళుతుంది. ఆ తర్వాత పది వారాలకు ఆగస్టు, పద్నాలుగు వారాలకు సెప్టెంబరు. అక్కడి నుంచి ఒక్క దూకున మార్చి, తొమ్మిది నెలలు నిండాక వేసే తట్టు, రుబెల్లా టీకా కోసం. మళ్లీ పదహారో నెల బూస్టరుకు అక్టోబరు. ఏడాది మారినా సంచి మార్చనక్కర లేదు, డిసెంబరు తర్వాత జనవరి జేబు మళ్లీ మొదలవుతుంది. బిడ్డకు జ్వరమొచ్చి జులై డోసు ఆగస్టుకు జరిగితే, పది, పద్నాలుగు వారాల డోసులూ దాని వెంటే జరగాలి, ఎందుకంటే ఈ డోసుల మధ్య కనీసం నాలుగు వారాల ఎడం ఉండాలి. ముందే రాసి పెట్టుకున్న తేదీలు అప్పుడు తప్పుతాయి. చీటీ తప్పదు, ఎప్పుడూ ఒక్క అడుగు ముందుకే చూస్తుంది కాబట్టి. నెలాఖరున జేబులో ఏమైనా మిగిలితే అది రాని పిల్లల జాబితా. వాటిని తర్వాతి నెల జేబులో వేసి, ఆశా కార్యకర్త చేత ఇంటికి కబురు పెట్టిస్తే సరి.

ఈ ఉపాయం ఆఫీసుల్లో ఇంకో రూపంలో ఉంది. రోజులకు 31, నెలలకు 12, మొత్తం 43 ఫోల్డర్లు. అమెరికా రచయిత డేవిడ్ అలెన్ 2001లో వచ్చిన ‘గెటింగ్ థింగ్స్ డన్’తో దానికి కొత్త ప్రచారం ఇచ్చాడు, కానీ గుమాస్తాలకు అది అంతకు చాలా ముందు నుంచీ తెలుసు. నెల మొదట్లో ఆ నెల ఫోల్డరులోని కాగితాలను తీసి రోజుల ఫోల్డర్లలోకి పంచుతారు. దూరపు పనికి నెల తెలిస్తే చాలు, దగ్గరి పనికే తేదీ కావాలి.

కంప్యూటర్ వాళ్లకూ ఇదే చిక్కు వచ్చింది. నెట్‌వర్కులో ఒకేసారి వేల టైమర్లు నడుస్తుంటాయి. ప్రతి క్షణం వాటన్నిటినీ తడిమి చూడటమంటే రిజిస్టరు మొదటి పేజీ నుంచి వెతకడమే. ఐఐటీ బొంబాయిలో చదివిన జార్జ్ వర్గీస్, ఆయన సహచరుడు టోనీ లాక్ 1987లో ‘టైమింగ్ వీల్’ అనే పరిష్కారం ప్రచురించారు. చక్రంలా తిరిగి మొదటికొచ్చే గళ్లు, ప్రతి గడిలో ఆ క్షణానికి పడే పనుల జాబితా. ముల్లు ఏ గడి మీదికి వస్తే ఆ గడినే చూడాలి. చక్రాల మీద చక్రాలు పేర్చితే 43 ఫోల్డర్ల పద్ధతే అవుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల నడిచే లినక్స్ కెర్నెల్‌లో ఇప్పటికీ ఇలాంటి చక్రమే ఉంది. 2016లో దాన్ని తిరగరాసినప్పుడు మెట్టుకు 64 గళ్లు పెట్టి, దూరపు గళ్ల నుంచి దగ్గరి గళ్లలోకి పంచే పనిని పూర్తిగా మానేశారు. దూరపు టైమరు కొంచెం ఆలస్యంగా మోగినా నష్టం లేదు, పైగా చాలా టైమర్లు సమయం రాకముందే రద్దవుతాయి. పంచడానికి పడే శ్రమ దండుగ అన్నమాట. నెల పేరు తప్ప తేదీ అడగని గుడ్డ సంచికి ఆ సంగతి ముందే తెలుసు!

మనిషి పెట్టుకునే అలారం మాత్రం వేరే దారిన వెళుతుంది. దానికి కచ్చితమైన క్షణం కావాలి కనుక కెర్నెల్ దాన్ని వరుస క్రమంలో ఉండే చెట్టు ఆకారపు జాబితాలో పెడుతుంది. ఫోను నిద్రపోతున్నా, సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ స్ఫటికం మేలుకునే ఉంటుంది. ఆ సంఖ్యను పదిహేను సార్లు సగం చేస్తే ఒకటి మిగులుతుంది, అదే సెకను. అనుకున్న సెకను రాగానే గడియారం చిప్పు ఫోనును తట్టి లేపుతుంది. సంచికి లేనిది ఇదొక్కటే, పిలిచే గొంతు. చెయ్యి పెట్టేదాకా జేబు మాట్లాడదు.

పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్ ప్రాంతంలో, సంచికి ఎదురయ్యే అసలు పరీక్ష వలస. కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని ముంబై, పుణె దారి పట్టిన కుటుంబాల పిల్లల చీటీలు పదమూడో జేబులోకి చేరతాయి. పని పడేది పుణెలో, చీటీ ఉండేది ఊళ్లో. అక్కడి నర్సుకు ఈ గోడ కనపడదు. అప్పుడు పని చేసేది తల్లి పెట్టెలో రేషన్ కార్డు పక్కన పెట్టుకున్న సగం. అది తడిసినా, పోయినా బిడ్డ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. డిజిటల్ పద్ధతి తిరుగులేకుండా గెలిచేది ఇక్కడే. 2009లో మొదలైన తల్లీబిడ్డల ఆన్‌లైన్ నమోదు వ్యవస్థ ఎంసీటీఎస్, 2016లో ఆంధ్రప్రదేశ్‌లో అడుగుపెట్టిన ‘అన్‌మోల్’ ట్యాబు, 2024లో దేశమంతటా ప్రారంభమైన యూ-విన్, అన్నీ చీటీని గోడ నుంచి విడిపించే ప్రయత్నాలే. యూ-విన్‌లో నమోదైన బిడ్డకు ఏ ఊళ్లోనైనా టీకా వేయించవచ్చు, గడువు సందేశం ఫోనుకు వస్తుంది. తెలంగాణలో 2017లో వచ్చిన కేసీఆర్ కిట్ పథకం ఆన్‌లైన్ నమోదుకు డబ్బును కూడా ముడిపెట్టింది. మూడున్నర నెలల టీకాలకో విడత, తొమ్మిది నెలల టీకాకో విడత.

డిజిటల్‌కూ బలహీనతలున్నాయి. సందేశం వెళ్లేది నంబరుకు, తల్లికి కాదు. సిమ్ము మారితే అది గాలిలో కలుస్తుంది. దేవరకొండ వైపు తండాల్లో సిగ్నల్ అందని చోట ట్యాబు వివరాలను దాచుకుని, అందాక పంపుతుంది. ఈ ఏర్పాటు మంచిదే, కానీ పంపేదాకా ఆ సమాచారం కూడా గోడ సంచిలోని చీటీ లాంటిదే. 2016 అక్టోబరులో పాత మహబూబ్‌నగర్ నాలుగు జిల్లాలుగా, నల్లగొండ మూడుగా విడిపోయినప్పుడు జిల్లా పేరు మార్చుకోవాల్సింది డేటాబేసే. సంచి మీద జిల్లాలు లేవు, నెలలే ఉన్నాయి.

ఒకే ఉపకేంద్రం, ఒకే ఏఎన్‌ఎం, కదలని కుటుంబాలు ఉన్నచోట గుడ్డ సంచి చాలు. దాన్ని చూడ్డానికి పాస్‌వర్డు అక్కర లేదు, జేబు ఉబ్బెత్తుగా ఉంటే పని మిగిలిందని దూరం నుంచే తెలుస్తుంది. కుటుంబం కదిలేచోట డిజిటల్ నమోదు తప్పనిసరి, తల్లి చేతిలోని కార్డు దానికి పూచీ. ఇంటి పనులకూ ఇదే కొలత సరిపోతుంది. కరెంటు బిల్లు, పాల లెక్క లాంటివి గోడ క్యాలెండరు మీద బాగుంటాయి. ప్రయాణంలో గుర్తు రావాల్సినవి ఫోనులో ఉండాలి. రెండుచోట్లా రాసుకోవడం మాత్రం చెడ్డ అలవాటు, ఒకటి మార్చి రెండోది మరచిపోతే ఏది నిజమో తేలదు. రిజిస్టరూ ట్యాబూ రెండూ నింపాల్సి వచ్చే ఏఎన్‌ఎంలకు ఆ కష్టం తెలుసు.

రెండేళ్ల లోపు బూస్టరు తర్వాత వచ్చేది ఐదేళ్లకు వేసే డీపీటీ రెండో బూస్టరు. మధ్యలో మూడేళ్లకు పైగా ఎడం. పన్నెండు నెలల సంచిలో అంత దూరపు తేదీకి జేబు లేదు, అన్నేళ్లలో ఫోను నంబరు మారిపోయినా ఆశ్చర్యం లేదు. అందుకే ఆ వయసు టీకాలకు బడులను ఆసరా చేసుకున్నారు. డీపీటీకి ఒకటో తరగతి, పదేళ్ల టీడీకి ఐదో తరగతి, పదహారేళ్ల టీడీకి పదో తరగతి. ఆ ఈడు పిల్లలంతా ఏటా తమంతట తామే వచ్చి చేరే జేబులవి.