రేసు కారు క్యామ్ మన బండికి పనికొస్తుందా?
పాత క్యామ్ షాఫ్టు కొనేముందు రైతులు చూసుకోవాల్సిన సంగతులు

సత్తెనపల్లి: మిరప కోతలు ముమ్మరంగా సాగే రోజుల్లో బండి ఆగిపోతే ఎంత ఇబ్బందో ఈ ప్రాంతం రైతులకు వేరే చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి కూలీలను చేలో దించాలి. నీళ్ల డ్రమ్ములు, మందు డబ్బాలు మోయాలి. కల్లంలో కాయ ఎండాక ధర కనుక్కునేందుకు గుంటూరు యార్డుకు సుమారు 35 కిలోమీటర్లు పోయి రావాలి. ఈ పనులన్నిటికీ చాలా ఇళ్లలో దిక్కు ఒక పాత జీపో, అంబాసిడరో, మారుతీ కారో. అది సరిగా లాగడం లేదని షెడ్డుకు తీసుకెళితే ఒక్కోసారి ఇలాంటి మాట వినపడుతుంది: “రేసు కారుకు వాడిన క్యామ్ షాఫ్టు ఉందండీ. సెకండ్ హ్యాండే, చవగ్గా వచ్చిద్ది. వేశామంటే బండి ఎగిరిపోద్ది.”

ఈ మాట నమ్మి డబ్బు తీసేముందు ఒక్క నిమిషం ఆగండి. ఇందులో సగం నిజముంది. ఆ మిగతా సగమే మన కొంప ముంచేది.

క్యామ్ షాఫ్టు చేసే పనేంటి?

ఇంజనులోకి గాలి రావడానికి ఒక వాల్వు, పొగ పోవడానికి ఒక వాల్వు ఉంటాయి. ఇవి ఎప్పుడు తెరుచుకోవాలి, ఎంత తెరుచుకోవాలి, ఎంతసేపు తెరిచి ఉండాలి అనేది నిర్ణయించేది క్యామ్ షాఫ్టు. పొడవాటి ఇనుప కడ్డీ మీద కోడిగుడ్డు ఆకారంలో గుబ్బలు ఉంటాయి. వీటినే లోబ్‌లంటారు. లోబ్ తిరుగుతూ ట్యాపెట్‌ను పైకి నెడుతుంది. ఆ కదలిక పుష్ రాడ్, రాకర్ మీదుగా వాల్వుకు చేరుతుంది. మారుతి 800 లాంటి కార్లలో క్యామ్ షాఫ్టు హెడ్డులోనే ఉంటుంది కాబట్టి పుష్ రాడ్లు ఉండవు.

క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. అంటే ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుందన్నమాట. ఈ లెక్కలో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఇంజను తీరు మారిపోతుంది.

రేసు క్యామ్‌లో తేడా ఎక్కడుంది?

మామూలు కారు క్యామ్ క్రాంకు తిరుగుడులో సాధారణంగా 230 నుంచి 250 డిగ్రీల మేర వాల్వును తెరిచి ఉంచితే, రేసు క్యామ్ 280 నుంచి 300 డిగ్రీల దాకా తెరిచి ఉంచుతుంది. వాల్వును ఎక్కువ ఎత్తు కూడా లేపుతుంది. ఇంజను బాగా వేగంగా తిరిగేటప్పుడు గాలి లోపలికి రావడానికి టైము చాలదు. అలాంటప్పుడు వాల్వు ఎక్కువసేపు తెరిచి ఉంటే గాలి నిండుగా వస్తుంది, బలం పెరుగుతుంది. ఇదీ ఆ మెకానిక్ చెప్పిన సగం నిజం.

ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు ఇదే ఎదురు తిరుగుతుంది. పిస్టన్ పైకి రావడం మొదలుపెట్టినా గాలి వాల్వు ఇంకా మూసుకోదు. వచ్చిన గాలిలో కొంత వెనక్కి పోతుంది. పొగ వాల్వు, గాలి వాల్వు రెండూ ఒకేసారి తెరిచి ఉండే సమయం పెరిగి పాత పొగ కొత్త గాలిలో కలుస్తుంది. దాంతో ఐడిల్‌లో ఇంజను కుదురుగా ఉండదు, బరువుతో కదిలేటప్పుడు గుంజుకుంటుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఇంజను వాక్యూమ్‌తో పనిచేసే బ్రేకు బూస్టరు ఉన్న కారైతే ఐడిల్‌లో బ్రేకు కూడా గట్టిపడవచ్చు.

బండలాగుడు పోటీలు చూసినవారికి ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ఒంగోలు గిత్త గుర్రంలా పరుగెత్తదు. కానీ మెడ మీద కాడి పడితే మొదటి అడుగులోనే దాని సత్తువంతా కనపడుతుంది. పందెపు గుర్రాన్ని తెచ్చి అరకకు కడితే ఏమవుతుందో, డొంక దారిలో బరువు మోసే బండికి రేసు క్యామ్ వేసినా అదే అవుతుంది. నల్లరేగడి డొంకలో రెండో గేరులో పోయే బండికి కావాల్సింది తక్కువ స్పీడులో లాగుడు. రేసు క్యామ్ తగ్గించేది సరిగ్గా దాన్నే.

క్యామ్ ఒక్కటే చాలదు

మద్రాసు దగ్గర షోలవరంలో పూర్వం కారు రేసులు జరిగేవి. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ప్రత్యేకంగా రేసు ట్రాకు వచ్చింది. కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ మారుతి 800 ఇంజనుతోనే ‘ఫార్ములా మారుతి’ రేసు కార్లు తయారు చేయించారు. మన ఊరి కారులో ఉన్న ఇంజనే ట్రాకు మీద పరుగెత్తింది కదా, మనకెందుకు పనికిరాదని కొందరు అడుగుతారు. ఆ కారు తేలిక, అందులో మనిషి ఒక్కడే, ఇంజను ఎప్పుడూ రేజ్‌లోనే ఉంటుంది. మన బండికి ఆ మూడూ కుదరవు.

ఇంకో ఉదాహరణ చూడండి. అంబాసిడర్‌కు చాలాకాలం వచ్చిన 1489 సి.సి. పెట్రోలు ఇంజను, బ్రిటన్‌లో 1955లో వచ్చిన ఎం.జి.ఎ. స్పోర్ట్స్ కారు ఇంజను ఒకే వంశానివి. అయినా ఎం.జి.ఎ. బలం ఎక్కువ. దానికి కారణం క్యామ్ ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఆ కారుకు రెండు కార్బ్యురేటర్లు ఉన్నాయి. గాలి వచ్చే దారి, పొగ పోయే దారి కూడా అందుకు తగ్గట్టు ఉన్నాయి. వాల్వు ఎంతసేపు తెరిచినా గొట్టం సన్నంగా ఉంటే గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది? తూము పెద్దది చేసి కాలవ అలాగే వదిలేస్తే పొలానికి నీరు పెరగదు కదా!

డీజిలు బండి, ట్రాక్టరు అయితే?

డీజిలు ఇంజనుకు ఈ జోలికి అసలే పోవద్దు. అందులో గాలి బాగా నొక్కుకుని వేడెక్కితేనే డీజిలు మండుతుంది. వాల్వు ఆలస్యంగా మూసుకుంటే ఆ నొక్కుడు తగ్గుతుంది. చలికాలం పొద్దున్నే స్టార్టు కాదు, అయినా తెల్లపొగ చిమ్ముతుంది. పైగా పిస్టన్ పైకి వచ్చినప్పుడు హెడ్డుకూ దానికీ మధ్య ఖాళీ చాలా తక్కువ. లిఫ్టు పెరిగిన వాల్వు పిస్టన్‌కు తగిలే ప్రమాదం ఉంది.

ట్రాక్టరు ఇంజనును చాలావరకు 2,000 – 2,200 చుట్ల దగ్గర గవర్నరు కట్టేస్తుంది. రేసు క్యామ్ బలం చూపించే స్పీడుకు ట్రాక్టరు ఏనాడూ చేరదు. నష్టం మాత్రం మొదటి రోజు నుంచే కనపడుతుంది.

లాగుడు తగ్గితే ముందు ఇవి చూడండి

బండి లాగడం లేదంటే క్యామ్ అరిగిందని అనుకోనక్కర్లేదు. తక్కువ ఖర్చుతో తేలే సంగతులు ముందు చూసుకోవాలి.

1. ఎయిర్ ఫిల్టరు. ఎండాకాలం డొంకల్లో లేచే దుమ్ముకు ఇది త్వరగా పూడుకుపోతుంది. ఆయిల్ బాత్ రకమైతే అడుగున బురద చేరిందేమో చూసి ఆయిల్ మార్చాలి.

2. ట్యాపెట్ గ్యాపు. కంపెనీ పుస్తకంలో చెప్పిన కొలతకు ఫీలర్ గేజితో సరిచేయించాలి. చెవితో విని సరిపెడితే కుదరదు.

3. పెట్రోలు బండికి ప్లగ్గులు, పాయింట్లు, కార్బ్యురేటరు. డీజిలు బండికి ఇంజెక్టర్లు, డీజిలు ఫిల్టరు.

4. కంప్రెషన్. ప్రతి సిలిండరుకూ గేజి పెట్టి చూడాలి. అన్నిట్లో తక్కువగా ఉంటే ఇంజను బోరుకొచ్చినట్టు అనుమానించాలి. అప్పుడు ఏ క్యామ్ వేసినా ఉపయోగం లేదు.

5. క్లచ్చి జారుతోందా, బ్రేకు పట్టేస్తోందా అన్నది కూడా చూడాలి. ఇంజను బాగానే ఉన్నా వీటివల్ల బండి బరువెక్కుతుంది.

ఇవన్నీ బాగుండి, ఒక సిలిండరు మాత్రం మందంగా ఉండి, ట్యాపెట్ గ్యాపు సరిచేసిన కొద్ది రోజులకే మళ్లీ పెరిగి టకటక సౌండు వస్తుంటే అప్పుడు క్యామ్‌ను అనుమానించవచ్చు. పుష్ రాడ్ ఇంజనులో దీన్ని తేల్చడానికి ఇంజను విప్పనక్కర్లేదు. పై కవరు తీసి, ఇంజనును చేత్తో తిప్పుతూ ఒక్కో పుష్ రాడ్ ఎంత పైకి లేస్తుందో డయల్ గేజితో కొలిపించండి. గాలి వాల్వుల కొలతలన్నీ ఒకదానితో ఒకటి, పొగ వాల్వుల కొలతలన్నీ ఒకదానితో ఒకటి సరిపోవాలి. ఏదైనా ఒకటి తక్కువ లేస్తే ఆ లోబ్ అరిగినట్టే.

పాత క్యామ్ కొనక తప్పకపోతే

ఉత్పత్తి ఆగిపోయిన పాత బండ్లకు కొత్త క్యామ్ ఒక్కోసారి దొరకదు. అంబాసిడర్, మారుతి 800 రెండూ 2014లోనే ఆగిపోయాయి. అలాంటప్పుడు గుంటూరులోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో పాత సామాను వెతుక్కోవాల్సి వస్తుంది. అందులో తప్పు లేదు. మీ ఇంజను రకానికి కంపెనీ వేసిన మామూలు క్యామ్‌నే అడగండి. మీ పాత క్యామ్‌ను వెంట తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి పోల్చండి.

లోబ్ మీద గోరుతో గీరి చూడండి. గుంటలు, పెచ్చులు, గాడి తగిలితే వద్దు. నీలం రంగు తిరిగి ఉంటే వేడికి కాలినట్టు. మైక్రోమీటరుతో ప్రతి లోబ్ ఎత్తు కొలిపించండి. ఒకే పని చేసే లోబ్‌ల మధ్య మిల్లీమీటరులో పదో వంతు తేడా ఉన్నా పక్కన పెట్టడం మంచిది. బేరింగుల్లో కూర్చునే చోట గీతలుండకూడదు. గేరు పళ్లు, కీ గాడి చెక్కు చెదరకుండా ఉండాలి. కడ్డీ వంగిందేమో లేత్ షాపులో తిప్పించి చూడాలి.

రేసు క్యామ్ అని చెప్పే వాటిలో మామూలు క్యామ్‌నే మళ్లీ గ్రైండింగ్ చేసినవి కూడా ఉంటాయి. క్యామ్ పైపొర మాత్రమే గట్టిగా ఉంటుంది. ఎక్కువ గ్రైండింగ్ చేస్తే ఆ పొర పోయి మెత్తటి ఇనుము బయటపడుతుంది. అది త్వరలోనే అరిగి, ఆ ఇనుప పొడి ఆయిల్‌లో కలిసి బేరింగులను తినేస్తుంది.

ట్యాపెట్ల విషయంలో అసలు రాజీ పడొద్దు. అడుగు చదునుగా ఉండే ట్యాపెట్లు ఏ లోబ్ మీద తిరిగితే దానికే అలవాటు పడతాయి. కాబట్టి ఒక బండిలోని పాత ట్యాపెట్లను వేరే క్యామ్ మీద పెట్టకూడదు. పాత క్యామ్‌తోపాటు దాని ట్యాపెట్లు వరస తప్పకుండా దొరికితే అదే వరసలో వేయాలి. లేదంటే కొత్త సెట్టు కొనాలి. ఈ ఖర్చు కూడా కలుపుకుని చూస్తే చవక బేరం ఎంత చవకో తెలుస్తుంది.

బిగించే రోజు దగ్గరుండండి

టైమింగ్ గుర్తులు కలిశాయో లేదో మీ కళ్లతో చూడండి. స్టార్టరు కొట్టేముందు ఇంజనును చేత్తో క్రాంకు రెండు పూర్తి చుట్లు తిప్పించండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆపేయాలి, బలవంతంగా తిప్పకూడదు. ఒక్క గేరు పన్ను తప్పినా వాల్వు పిస్టన్‌కు తగిలి వంగిపోవచ్చు. అప్పుడు హెడ్డు దించాలి, వాల్వులు మార్చాలి, ఒక్కోసారి పిస్టన్ కూడా పోతుంది. మందు కొట్టాల్సిన వారంలో బండి షెడ్డులో ఉంటే తామరపురుగు మన కోసం ఆగుతుందా?

లోబ్‌లకు, ట్యాపెట్లకు బిగించేటప్పుడు పూసే ప్రత్యేకమైన గ్రీజు పూయాలి. కొత్త ట్యాపెట్లు వేసిన పుష్ రాడ్ పెట్రోలు ఇంజనును మొదటిసారి స్టార్టు చేశాక ఐడిల్‌లో వదలకుండా సుమారు 2,000 చుట్ల మీద ఇరవై నిమిషాలు నడపాలి. ఆ తర్వాత ఆయిల్, ఫిల్టరు మార్చాలి. సామాను కొన్నచోట, తేడా వస్తే వెనక్కి తీసుకుంటామని చీటీ రాయించుకోండి.

కొత్త బండ్లకు అసలే వద్దు

2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బి.ఎస్.-6 బండ్లలో గాలి, ఇంధనం లెక్కంతా కంప్యూటరు చూసుకుంటుంది. వేరే క్యామ్ వేస్తే ఆ లెక్క తప్పుతుంది, వారంటీకి ఎసరొస్తుంది, కాలుష్య పరీక్షలో చిక్కొస్తుంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం మీద 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కింద ఆంక్షలున్నాయి. ఏ మార్పు చేయించాలన్నా రవాణా శాఖ ఆఫీసులో, బీమా కంపెనీలో ముందుగా అడగడం క్షేమం.

ఇంట్లో కుర్రాళ్లకు స్పీడు మీద మోజు ఉండొచ్చు. పందేలకు పోయే బండి వేరే ఉంటే వాళ్ల సరదా వాళ్లది. కూలీలను దించి, డ్రమ్ములు మోసి, రాత్రివేళ ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోతే ఆసుపత్రికి తీసుకుపోవాల్సిన బండి మీద మాత్రం ఈ ప్రయోగం చేయొద్దు. దానికి కంపెనీ క్యామ్, శుభ్రమైన ఫిల్టరు, సరైన ట్యాపెట్ గ్యాపు, వేళకు మార్చిన ఆయిల్ ఉంటే చాలు. కోతలకు నెల ముందే ఒక పూట వీలు చేసుకుని ఇవన్నీ చూపించుకోండి.