జీపుబండి వెనుక స్టెప్నీ చక్రము

దశరథుడు యుద్ధము చేయుచుండగా రథపు ఇరుసున చీల ఊడిపోయెననియు, ప్రక్కనున్న కైకేయి తన వ్రేలినే చీలగా నిలిపి రథమును కాపాడెననియు మన యిండ్లలో పెద్దలు చెప్పుకొనుచుందురు. భారతమున కర్ణున కట్టి సహాయము దొరకలేదు. భూమిలో క్రుంగిన చక్రమును తానే దిగి యెత్తవలసివచ్చినది. బండి యెంత బలమైనదైనను ఒక్క చక్రము చెడినచో ప్రయాణము నిలిచిపోవును. అప్పుడు అక్కఱకు వచ్చునది ముందుగా చేసికొన్న యేర్పాటు మాత్రమే.

మోటారుబండ్ల కట్టి యేర్పాటు మిగులు చక్రము. దానిని మనదేశమున స్టెప్నీ యందురు. ఈ పేరు వేల్సు దేశమునుండి వచ్చినది. తొలినాటి మోటారుబండ్లకు మిగులు చక్రము లేకుండెను; టైరు చిల్లిపడినచో దారిలోనే కూర్చుండి అతుకు వేయవలసియుండెను. 1904లో లనెల్లి పట్టణమున స్టెప్నీ వీధియందు డేవిస్ సోదరులు ఆకులు లేని చక్రపు చట్టమునకు గాలి నింపిన టైరు తొడిగి, దానిని చెడిన చక్రమునకు ప్రక్కగా బిగించు ఉపాయము కనిపెట్టిరి. ఆ వీధి పేరు మన పల్లెల మెకానిక్కుల నోట నేటికిని నిలిచియున్నది.

ఈ చక్రము నెచట పెట్టవలెను? కారులో నైనచో సామానుల అఱలో నిముడును. పాత జీపులలో అట్టి చోటు లేదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1941 మొదలు 1945 వఱకు, విల్లీస్ సంస్థ చేసిన ఎం.బి. జీపునకు చక్రము వెనుకగోడమీద నుండెడిది. ఆ గోడకు తలుపు లేదు గనుక అడ్డమును లేదు. 1945లో రైతులను మనసునందుంచుకొని చేసిన సి.జె.-2ఏ జీపునకు మాత్రము వెనుక దింపుడు తలుపు పెట్టిరి. గడ్డిమోపులు, ధాన్యపు బస్తాలు ఎక్కింపవలెను గదా! అందుచే చక్రము ప్రక్కగోడకు మాఱినది. మనదేశమున మహీంద్రావారు 1947 నుండి విల్లీస్ జీపులను కూర్చి యమ్మిరి. పాతబండ్లపై మక్కువ గలవారు నేటికిని వానిని ప్రాణప్రదముగా చూచుకొనుచున్నారు.

ప్రక్కన వ్రేలాడు చక్రము ఇఱుకు సందులలో గోడల నొఱయును. తోటదారులలో కొమ్మలకు తగులును. కావున పలువురు దానిని మరల వెనుకకు తెచ్చుకొనగోరుదురు. అయితే దింపుడు తలుపు తెఱచుకొనవలెనన్నచో చక్రము ప్రక్కకు తొలగవలెను. అందుకే చక్రమును మోయు బాహువును తలుపురెక్కవలె తిరుగునట్లు చేయుదురు. పాఠశాల సెలవులలో మా వారు తమ పాత జీపునకు ఈ పని చేయించుచుండగా దగ్గఱనుండి చూచితిని. ఇందలి కీలకము మన వంటయింటి అనుభవమునకు దూరమైనది కాదు.

నిండుబిందెను చంకనెత్తుకొని నడచినపుడు బరువు నడుముమీద నుండును; ఎంతదూరమైనను నడువగలము. ఆ బిందెనే చేయి చాచి పట్టుకొన్నచో పదియడుగులు వేయకమునుపే భుజము పీకును. బిందె బరువు పెరుగలేదు, దేహమునకు దూరమైనది. జీపు వెనుక వ్రేలాడు చక్రమును ఇట్టిదే. 6.00-16 కొలత గల టైరు ఇనుపచక్రముతో కూడ సుమారు 25 కిలోలుండును. గుంతలో పడి లేచినపుడు ఆ బరువు రెండింతలు, మూడింతలు బరువువలె లాగును. రోజున కెన్నిమారులో!

ఈ లాగుడును భరింపవలసినది బండి చట్రము. చట్రము బండికి ఎముక. వెనుక రేకు చర్మము. చర్మమునకు కొక్కెము గ్రుచ్చి బరువు వ్రేలాడదీయువా రుందురా? కాని జరుగుచున్నది అదియే. మే మెఱిగిన కుటుంబమువారి జీపునకు ఒక పనివాడు నాలుగు బోల్టులతో చక్రమును దింపుడు తలుపు రేకునకే బిగించెను. చూచుటకు ముచ్చటగానే యుండెను. కొన్ని నెలలకు బోల్టుల చుట్టును వెండ్రుకవాసి పగుళ్లు బయలుదేఱినవి. రంగు పగులని యింటివా రనుకొనిరి. ఒకనాటి సాయంకాలము వంతెన దిగునపుడు రేకు చినిగి చక్రము రోడ్డున పడి, దొర్లుచు పోయి, సైకిలుపై వచ్చుచున్న బాలుని ముందునుండి దాటిపోయెను. ఆ తల్లి అదృష్టము, బిడ్డ దక్కెను. బండి నడుపువానికి వెనుక జరిగిన దేమియు తెలియనే లేదు. ముందున్నది చెడినచో మనకు తెలియును. వెనుకనున్నది చెడినచో పరులకు తెలియును. ఈ పనిని ఆషామాషీగా చేయరాదనుటకు కారణ మిదియే.

ఇక లెక్క చూతము. ఈ జీపులకు ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును నడుమ 80 అంగుళములు. చక్రము, దానిని మోయు ఇనుము కలిసి 40 కిలోలనియు, అవి వెనుక ఇరుసునకు 40 అంగుళములు వెనుక నున్నవనియు అనుకొందము. ఏతమునకు వలె ఇచట వెనుక ఇరుసే ఆధారము. 40ని 40చే గుణించి 80చే భాగించిన 20 వచ్చును. అనగా ముందు చక్రములపై 20 కిలోల బరువు తగ్గును. వెనుక చక్రములపై 60 కిలోలు పెరుగును. ముందు తేలికయైనకొలది ఏటవాలు నెక్కునపుడు చుక్కాని పట్టు తగ్గును. కావున ఇనుము ఎక్కువైనంత బలమనుకొనరాదు. చక్రమును తలుపునకు ఎంత దగ్గఱగా నుంచిన నంత మేలు.

పని యిట్లు సాగవలెను. మొదట చట్రపు వెనుక అడ్డుదూలమునకు బలమైన అడ్డుకమ్మిని బోల్టులతో బిగింతురు. చట్రమునకు నేరుగా వెల్డింగు చేయుటకంటె ఇది మంచిది. పాతబండి తన తొలిరూపమును కోలుపోదు, కావలసినపుడు విప్పుకొనవచ్చును. బోలుగొట్టమున కడ్డముగా బోల్టు వేయునపుడు లోపల చిన్నగొట్టము నొకదానిని నిలిపి దానిగుండ వేయవలెను. లేనిచో బిగించినకొలది పెద్దగొట్టము నొక్కుకొనిపోయి, బోల్టు వదులగును.

అడ్డుకమ్మి కొనయందు నిలువు కంబము, దానికి బందులు, బందులకు బాహువు. బాహువునకు 50 మిల్లీమీటర్ల చదరపు గొట్టము, 3 మిల్లీమీటర్ల మందము గలది చాలును. అది మీటరునకు నాలుగుకిలోలకు పైగా తూగును. జింకుపూత గల గొట్టమును మాత్రము తీసికొనరాదు. వెల్డింగున దానినుండి లేచు పొగ పీల్చినవారికి జ్వరము తెచ్చును.

బందుల విషయమున మన తలుపులే గురువులు. బరువైన తలుపు వంగినపుడు పైబందు ఊడివచ్చుటయు, క్రిందిబందు గుమ్మమునకు ఒత్తుకొనుటయు మనమెఱుగుదుము. తిరుగు భాగము 30 కిలోలనియు, దాని బరువు బందులకు 24 అంగుళముల దూరమున నున్నదనియు తలంపుడు. రెండు బందుల నడుమ ఎడము 8 అంగుళములే యైనచో పైబందుపై లాగుడు 90 కిలోలు. ఎడమును 16 అంగుళములు చేసినచో 45 కిలోలే. ఇనుము పెంచక, ఖర్చు పెంచక, ఎడము పెంచినంతనే సగము భారము తీరినది! బందులకు బదులు ట్రాలీచక్రపు బేరింగులను నిలువుగా నమర్చుటయు కలదు. దానికిని నియమ మిదియే: పై బేరింగు, క్రింది బేరింగు దూరముగా నుండవలెను.

చక్రమును పట్టుకొను పలకకు రంధ్రములు వేయుటలో ఓర్పు కావలెను. ఈ జీపుల చక్రమునకు ఐదు బోల్టులు. అవి ఐదున్నర అంగుళముల వ్యాసము గల వృత్తముపై నుండును. ముగ్గు వేయువారికి ఐదుకోణముల నక్షత్ర మెంత పరిచితమో ఇదియు నంతే. ఒక రంధ్రపు నడిమినుండి ప్రక్కదాని నడిమికి సుమారు 82 మిల్లీమీటర్లు కొలిచి గుర్తుపెట్టవలెను. ఐదవ గుర్తునుండి మొదటిదానికిని అంతే వచ్చినచో లెక్క కుదిరినట్లు. పలకను వెల్డింగు చేయకమునుపు చక్రమును దానికి తగిలించి చూడవలెను.

గడియ రెండు విధముల నుండవలెను: బిగించి పట్టునది యొకటి, అది జాఱినను చక్రమును విడువని చీల మఱియొకటి. మూసినపుడు బాహువు రెండవకొన రబ్బరుదిమ్మెపై ఒత్తుకొని కూర్చుండవలెను. అప్పుడు బరువు రెండుకొనలకు పంచబడును, కావడివలె. గడగడ చప్పుడును ఉండదు. తెఱచినపుడు నిలుపుటకును ఒక చీల యుండవలెను. వాలున నిలిపిన బండియొక్క బాహువు గాలివాటున మూసికొన్నచో సామాను దింపు నాడుదాని వ్రేళ్లు నలుగును.

వెల్డింగునకు ముందు బ్యాటరీ తీగ విప్పవలెను. విల్లీస్ జీపులలో పెట్రోలుతొట్టి చోదకుని పీఠము క్రిందనే యుండును. నిప్పురవ్వలు అటు పోకుండ చూచుకొనవలెను. పిల్లలను ఆ వెలుగు చూడనీయరాదు. కన్నులు మండి, రాత్రియంతయు నిద్రపట్టదు. పని ముగిసినపిదప గొట్టపుకొనలు మూసి, అడుగున నీరుకాఱు చిన్నరంధ్ర ముంచి, రంగు వేయవలెను. వెనుక దీపములును, సంఖ్యాఫలకమును చక్రము చాటున దాగరాదు. 1988 నాటి మోటారువాహనముల చట్టమున 52వ విభాగము బండ్లకు చేయు మార్పులకు సంబంధించినది. రవాణా కార్యాలయమున ముందుగా విచారించుట మంచిది.

పనివాడు బండి నప్పగించునపుడు రంగు నిగనిగలు చూచి మురిసిపోవలదు. చక్రమును రెండుచేతులతో పట్టి క్రిందికిని మీదికిని ఊపుడు. బండి స్ప్రింగులమీద ఊగవలెనేగాని చక్రము వేఱుగా ఊగరాదు. బాహువును తెఱచి, కొన యెంత క్రిందికి దిగినదో చూడుడు. నూఱు కిలోమీటర్లు నడచినపిదప నట్టులన్నియు మరల బిగింపుడు. నెలకొకమారు వెల్డింగు చేసినచోట్ల గుడ్డతో తుడిచి, వెండ్రుకవాసి గీత కనబడునేమో వ్రేలితో తడిమి చూడుడు. స్టెప్నీలో గాలి చూచుట మఱవకుడు. గాలిలేని స్టెప్నీ నీరులేని చెంబు.

సోదరీమణులారా! ఇది మగవారి పనియని మన మూరకుండ నక్కఱలేదు. “ఈ బరువు చట్రముమీద నున్నదా, రేకుమీద నున్నదా?” అని పనివాని నడుగుటకు ఇంజనీరు పట్టము కావలసిన పనిలేదు. మన వెనుక సైకిలుపై వచ్చుచున్నవాడును ఒక తల్లి బిడ్డయే. ఆ ప్రశ్నకు సరియైన ప్రత్యుత్తరము వచ్చువఱకు బండిని కర్మాగారమునుండి కదలనీయకుడు.