ఎక్సలేటర్ జబ్బు ఎక్కడుంది? పాత కారులో కనిపెట్టే విధానం

మార్కాపురం నుండి దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్ళాలన్నా, గిద్దలూరు నుండి నంద్యాల వెళ్ళాలన్నా నల్లమల ఘాట్ ఎక్కి దిగాల్సిందే. ఆ మలుపుల్లో కాలు తీసినా బండి వేగం తగ్గకపోతే ఏమవుతుందో ఆలోచించండి. మన ఇళ్ళలో ఎవరైనా బతుకుతెరువు కోసం అప్పు చేసి సెకండ్ హ్యాండ్ కారు కొంటే, జబ్బు ఏమిటో తెలియక షెడ్డుకు తోలుకుపోతే, కేబుల్ మార్చితే సరిపోయేదానికి కార్బురేటర్ అంతా మార్చుకోవలసి రావచ్చు. అందుకే ప్రతి విద్యార్థీ ఈ నాలుగు సంగతులు తెలుసుకోవాలి.

ఎలా పనిచేస్తుంది?

1983లో మొదలై 2014లో తయారీ ఆగిపోయిన మారుతి 800 వంటి బండ్లలో పెడల్‌కు ఒక ఉక్కు తీగ కట్టి ఉంటుంది. అదే ఎక్సలేటర్ కేబుల్. పెడల్ తొక్కితే కేబుల్ లాగుతుంది. ఇంజను దగ్గర ఒక చిన్న లీవరు తిరిగి, గాలి పోయే దారిలోని రేకు తెరుచుకుంటుంది. గాలి, పెట్రోలు ఎక్కువగా పోయి బండి వేగం అందుకుంటుంది. కాలు తీయగానే స్ప్రింగు ఆ రేకును మూసేస్తుంది. అంటే జబ్బు పెడల్ దగ్గర, కేబుల్‌లో, లీవరు దగ్గర, ఈ మూడు చోట్లలో ఎక్కడో ఒకచోట ఉంటుంది.

పెడల్ పట్టేస్తుంటే

ఇంజను ఆపి చూడాలి. ముందు కాళ్ళ కింది మ్యాట్ పెడల్‌కు అడ్డుపడుతోందేమో గమనించాలి. దీన్ని తేలికగా తీసుకోరాదు. 2009 ఆగస్టులో అమెరికాలోని కాలిఫోర్నియాలో మ్యాట్ కింద పెడల్ ఇరుక్కుని ఒక కారు ప్రమాదానికి గురై నలుగురు చనిపోయారు. ఆ తర్వాత టయోటా కంపెనీ లక్షల కార్లను వెనక్కి పిలిపించింది.

మ్యాట్ బాగుంటే, బానెట్ ఎత్తి కేబుల్‌ను లీవరు నుండి విడదీయాలి. లీవరును చేత్తో తిప్పి వదలాలి. అది టక్కున వెనక్కి రాకపోతే తప్పు అక్కడే ఉంది. మసి పేరుకుని ఉండవచ్చు, స్ప్రింగు సాగి ఉండవచ్చు. లీవరు చక్కగా తిరిగితే తప్పు కేబుల్‌దో పెడల్‌దో అవుతుంది. కేబుల్‌లో ఒక్క పోగు తెగినా కొత్తది వేయించాలే గాని, ముడి వేసి నడపకూడదు.

తొక్కినా బండి లాగకపోతే

ఇంజను ఆపే ఉంచి, ఒకరు పెడల్‌ను పూర్తిగా తొక్కుతుంటే మరొకరు లీవరును చూడాలి. లీవరు చివరిదాకా తిరగకపోతే కేబుల్ వదులైందని అర్థం. చివరిదాకా తిరుగుతుంటే ఎయిర్ ఫిల్టర్, పెట్రోలు ఫిల్టర్ చూడాలి. పలకల గనుల దుమ్ములో, మట్టిరోడ్లలో తిరిగే బండ్లకు ఎయిర్ ఫిల్టర్ త్వరగా పూడిపోతుంది. ఇంజను హోరు పెరిగినా బండి వేగం పెరగకపోతే, అది ఎక్సలేటర్ జబ్బు కాదు, క్లచ్ ప్లేటు అరిగిందన్నమాట.

కాలు తీశాక కూడా ఇంజను రేసు మీదే ఉంటే కేబుల్ మరీ బిగుతుగా కట్టారేమో చూడాలి. కొంచెం వదులు ఉండి తీరాలి.

కొత్త రకం కార్లలో కేబుల్ ఉండదు. పెడల్ దగ్గరి సెన్సార్లు కంప్యూటర్‌కు సంకేతం పంపుతాయి. వాటికి స్కానర్ పెట్టి చూడాల్సిందే.

నడుస్తుండగా ఇరుక్కుంటే

మొదట క్లచ్ తొక్కి గేరును న్యూట్రల్‌లోకి తేవాలి. ఇంజను ఎంత అరిచినా భయపడరాదు. బ్రేకును గట్టిగా తొక్కిపట్టి ఉంచాలి. మాటిమాటికీ కొడితే బ్రేకుకు సాయపడే వాక్యూమ్ అయిపోయి పెడల్ రాయిలా గట్టిపడుతుంది. బండి కదులుతుండగా తాళంచెవి తీయరాదు, స్టీరింగ్ లాక్ అవుతుంది. పక్కకు ఆపాకే ఇంజను కట్టేసి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాల కింద రాళ్ళు పెట్టాలి.

పది మందిని ఎక్కించుకుని ఘాట్ దారి పట్టే ముందు ఇంజను ఆపి పెడల్‌ను రెండుసార్లు తొక్కి వదిలి చూడడానికి ఒక్క నిమిషం చాలు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ పరీక్ష మన పెద్దలకు చేసి చూపిద్దాం. పదవ తరగతి తర్వాత ఐటీఐలో మోటారు మెకానిక్ చదవాలనుకునే మిత్రులకు ఇదే తొలి పాఠం కాగలదు.