స్టేజీ మీది రేంజ్, హోసూరు రోడ్డు మీది రేంజ్

కృష్ణగిరిలో ఎగ్జిబిషన్ అంటే నిన్నమొన్నటిదాకా మామిడిపళ్ల ఎగ్జిబిషనే. ఏటా వేసవిలో జరిగే ఆ సంబరానికి ఇప్పుడు ఇంకోటి తోడైంది. జిల్లాలోని పోచంపల్లి దగ్గర (మన చీరల పోచంపల్లి కాదు, తమిళనాడు పోచంపల్లి) ఓలా ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీలో ఆగస్టు 15న కొత్త బండ్లను చూపించడం ఆనవాయితీ అయింది. 2024లో అక్కడే రోడ్‌స్టర్ మోటారుసైకిళ్లను ఆవిష్కరించారు. వాటిలో అన్నిటికంటే పెద్దదానికి 16 యూనిట్ల బ్యాటరీ, ఒక్కసారి ఛార్జి చేస్తే 579 కిలోమీటర్లు అని ప్రకటించారు.

మోటార్ షోలన్నీ ఇలాంటి అంకెల మీదే నడుస్తాయి. 1986లో ఢిల్లీ ప్రగతి మైదానంలో మొదలైన ఆటో ఎక్స్‌పో, 2014లో గ్రేటర్ నోయిడాకి తరలిపోయి, 2025 జనవరిలో ‘భారత్ మొబిలిటీ’లో భాగంగా తిరిగి ఢిల్లీ చేరింది. ఊరు మారినా తంతు మారలేదు. అయితే ఆ స్టాళ్లలో మెరిసే ద్విచక్ర వాహనాల్లో చాలావాటి పుట్టిల్లు హోసూరు చుట్టుపక్కలే. 1980లో టీవీఎస్ 50 మోపెడ్ ఇక్కడి నుంచే బయటికొచ్చింది. 2021లో ఏథర్ స్కూటర్ల ఫ్యాక్టరీ హోసూరులో మొదలైంది. 2023లో సింపుల్ ఎనర్జీ శూలగిరిలో తయారీ ప్రారంభించింది. హోసూరు, శూలగిరి, కృష్ణగిరి మూడూ 44వ నంబరు జాతీయ రహదారి మీదే, 50 కిలోమీటర్ల వరసలో ఉన్నాయి. షోలో చెప్పిన అంకెను పరీక్షించడానికి ఇంతకంటే మంచి రోడ్డు దొరకదు. కారణం ఆ రోడ్డు వాలు.

ముందు ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. పరీక్షశాలలో బండి చక్రాన్ని రోలరు మీద పెట్టి నడుపుతారు. ఎంతసేపు ఏ వేగంతో తిప్పాలో ‘ఇండియన్ డ్రైవింగ్ సైకిల్’ అనే పట్టిక చెబుతుంది. ఒక ఆవృత్తం 108 సెకన్లు. అందులో గరిష్ఠ వేగం గంటకు 42 కిలోమీటర్లు, సగటు 22కి కాస్త తక్కువ. బ్యాటరీ అయిపోయేదాకా ఇదే మళ్లీ మళ్లీ. ఈ మధ్య కొన్ని కంపెనీలు వేగం ఎక్కువుండే రెండో భాగాన్నీ కలిపి చెబుతున్నాయి. అది కొంత నయం. ఏదేమైనా ఇది మోసం కాదు. అందరినీ ఒకే కొలతతో కొలవాలంటే ఏదో ఒక పట్టిక ఉండాలి. చిక్కల్లా ఆ పట్టికలో కొండ లేకపోవడం, హైవే వేగం లేకపోవడం.

వేగం సంగతి చెప్పుకుంటే, గాలి ఎదురుతోపు వేగం వర్గంతో పెరుగుతుంది. 40 నుంచి 70కి వెళ్తే అది 3 రెట్లవుతుంది. స్కూటరు ఆకారం గాలిని చీల్చేది కాదు, పైగా మనం నిటారుగా కూర్చుంటాం. అందుకే హైవే ఎక్కగానే మీటరులో శాతం గబగబా పడిపోతుంది. ఏథర్ 2022లో విడుదల చేసిన 450 ఎక్స్ సంగతే చూడండి: 3.7 యూనిట్ల బ్యాటరీ, పరీక్షలో 146 కిలోమీటర్లు. రోడ్డు మీద నిజంగా వచ్చేది 105 అని కంపెనీయే పక్కన వేసింది. ఆ రెండో అంకెను కూడా ముద్రించడం నాకు నచ్చిన పని.

ఇక కొండ. హోసూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున పీఠభూమి మీద ఉంది. కృష్ణగిరి దాదాపు 500 మీటర్లు. స్కూటరు, దాని మీద ఇద్దరు కలిసి 250 కిలోలు అనుకుందాం. ఆ బరువును 400 మీటర్లు పైకి లేపడానికి 250ని 9.8తో, దాన్ని 400తో గుణిస్తే 9 లక్షల 80 వేల జౌళ్లు. కరెంటు బిల్లు భాషలో 0.27 యూనిట్. మోటారులోనూ వైర్లలోనూ వేడిగా పోయేది కలుపుకుంటే యూనిట్‌లో మూడో వంతు. అంటే పైన చెప్పిన స్కూటరు సమతల రోడ్డు మీద తొమ్మిది, పది కిలోమీటర్లు పోయేంత కరెంటు ఎత్తుకే ఖర్చు. 50 కిలోమీటర్లు ఎక్కితే 60 పోయినంత తరుగుతుందన్నమాట.

బరువు పెరిగితే గాలికి దాదాపు పట్టదు, కొండకు మాత్రం పడుతుంది. వెనక సీటు మనిషి ఉండగానే 100 కిలోల పూలమూటలు పెట్టి హోసూరు మార్కెట్‌కు ఎక్కారా, ఎత్తు ఖర్చు 40 శాతం పెరుగుతుంది. నగరంలో ఆఫీసుకు వెళ్లేవాడికి పనికొచ్చే రేంజ్ లెక్క ఈ రైతుకు పనికిరానిది ఇందుకే. ఈ ప్రాంతంలో ఎలక్ట్రిక్ బండి అమ్మేవాళ్లు షోరూంలో ‘మీరు కిందికా పైకా, బరువెంత’ అని అడగాలి.

మరి దిగేటప్పుడు? బ్రేకు వేస్తే మోటారు జనరేటరుగా మారి బ్యాటరీని నింపుతుందని ప్రతి షోలోనూ గొప్పగా చెబుతారు. నిజమే. కానీ ఈ రోడ్డు మీద అసలు లాభం అది కాదు. 50 కిలోమీటర్లలో 400 మీటర్లంటే సగటు వాలు వందకు ఒకటి కూడా లేదు. 60 వేగంలో గాలి వెనక్కి నెట్టే బలం, ఆ వాలు ముందుకు లాగే బలం కంటే ఎక్కువ. కాబట్టి చాలాచోట్ల బ్రేకు అవసరమే రాదు. వాలు నేరుగా చక్రానికే సాయం చేస్తుంది, మోటారు ఆ మేరకు తక్కువ తాగుతుంది. కరెంటుగా మార్చి, దాచి, మళ్లీ తీసుకునే గొడవే లేదు గనుక నష్టమూ తక్కువ. వాలు బాగా నిటారుగా ఉన్న ముక్కల్లోనూ, లారీల వెనక వేగం తగ్గించాల్సి వచ్చినప్పుడూ మాత్రమే జనరేటరు పని చేస్తుంది.

దానికీ ఒక షరతుంది. నిండిన బ్యాటరీ ఇంకా కరెంటు తీసుకోలేదు. పైన హోసూరులో నూటికి నూరు శాతం ఛార్జి చేసి బయల్దేరితే మొదటి కొన్ని కిలోమీటర్లు ఆ బ్రేకింగ్ బలహీనంగా ఉంటుంది, మామూలు బ్రేకులే దిక్కు. కిందికి వెళ్లేరోజు 90 శాతం దగ్గర ప్లగ్గు తీసేస్తే సరిపోతుంది. పైకి వచ్చేరోజు మాత్రం కృష్ణగిరిలో నింపుకునే బయల్దేరాలి.