బొమ్మలో భావము

అరుంధతీ దర్శన న్యాయమని మన శాస్త్రములలో ఒక మాట కలదు. వివాహ సమయమున వధువునకు అరుంధతిని చూపు ఆచారము మన యిండ్లలో నేటికిని ఉన్నది. ఆ నక్షత్రము చిన్నది. వసిష్ఠుని చెంతనే అంటిపెట్టుకొని యుండును. ఒక్కసారిగా దానినే చూపబోయినచో చూపు నిలువదు. అందుచేత మొదట సప్తర్షి మండలమును, పిదప దాని తోకవంటి భాగమున నడుమనున్న వసిష్ఠుని, ఆ పిమ్మట ఆయన ప్రక్కనున్న అరుంధతిని చూపుదురు. స్థూలమునుండి సూక్ష్మమునకు, తెలిసినదానినుండి తెలియనిదానికి చూపును నడిపించుటయే ఈ న్యాయము. భావమును బొమ్మగా గీచి బోధించు విద్యకును ఇదియే మూలసూత్రము.

ఆవు బొమ్మను చూచి ఆవని గుర్తుపట్టుట పసివానికిని సాధ్యమే. 'ఊరిలో పాడి పెరిగినది, కాని ఊరి పిల్లలకు పాలు దక్కుట లేదు' అను విషయమును చిత్రించవలసి వచ్చినపుడు ఆవును ఎంత ముచ్చటగా గీచినను ఫలితము లేదు. అచట చూపవలసినది పాలు పోవు దారి. కంటికి కనబడు వస్తువుల నడుమ కంటికి కనబడని సంబంధము ఒకటి యుండును. ఆ సంబంధమును చూపు బొమ్మను భావచిత్రమని పిలుచుకొందము. దానిని గీయుటకు చిత్రకళలో ఆరితేరియుండ నక్కరలేదు. దేనిని విడిచిపెట్టవలయునో తెలిసియున్న చాలును.

ఈ విడిచిపెట్టుటలోని బలమును ఫ్లారెన్సు నైటింగేలు చక్కగా ఎరిగియుండెను. ఆమె 1854 నవంబరులో క్రిమియా యుద్ధమున గాయపడిన బ్రిటిషు సైనికులకు శుశ్రూష చేయుటకై స్కుటారి చేరెను. అచ్చటి ఆసుపత్రులలో సైనికులు శత్రువుల గుండ్లవలన చనిపోయినదానికంటె కలరా, విరేచనములు, విషజ్వరములవలన చనిపోయినదే ఎక్కువ. ఈ సత్యము అంకెల పట్టికలలో లేకపోలేదు. కాని పట్టికలను చదువు ఓపిక అధికారులకు ఉండదని ఆమె గ్రహించెను. 1858లో ఆమె అచ్చువేయించిన చిత్రములో నెలకొక రేకు చొప్పున పండ్రెండు రేకులు వలయాకారముగా అమరియున్నవి. నివారింపదగిన వ్యాధుల మరణములకు నీలము, గాయముల మరణములకు ఎరుపు, తక్కిన కారణములకు నలుపు రంగు. చూచిన క్షణముననే నీలము కన్నులను కప్పివేయును. అందులో సైనికుడు లేడు, ఆసుపత్రి లేదు, కన్నీరు లేదు. ఒక్క వాక్యము మాత్రమే కలదు: ఈ చావులలో పెక్కింటిని ఆపగలిగియుందుము.

ఒక వ్యక్తి ప్రతిభగా కనిపించిన ఈ పనిని నేర్చుకొనదగిన విద్యగా తీర్చిదిద్దినవారు వియన్నా నగరములోని ఒక చిన్న బృందమువారు. ఆటో నాయిరాత్ అను తత్త్వవేత్త 1925లో అచట సామాజిక ఆర్థిక విషయములను సామాన్యులకు తెలియజెప్పు ప్రదర్శనశాలను స్థాపించెను. గణితమును, భౌతికశాస్త్రమును చదివిన మేరీ రైడెమైస్టర్ అతనికి తోడయ్యెను. తరువాత గెర్డ్ ఆర్న్‌ట్స్ అను చిత్రకారుడు చేరి సంకేతములకు నిరాడంబరమైన రూపమునిచ్చెను. నగరములోని ఇండ్లు, జననమరణములు, కూలిరేట్లు మొదలగు విషయములు పగలెల్ల పనిచేసి వచ్చిన కార్మికునికిని బోధపడవలెనని వారి పట్టుదల. ఈ పద్ధతికి తరువాతి కాలమున ఐసోటైపు అను పేరు వచ్చినది.

వారి నియమములలో ముఖ్యమైనది చాల చిన్నది. ఎక్కువ సంఖ్యను చూపుటకు బొమ్మను పెద్దది చేయరాదు. అదే బొమ్మను ఎక్కువసార్లు వేయవలయును. ఈ నియమమేల? ఒక రైతు పంట రెండింతలైనదనుకొందము. దానిని చూపుటకు ధాన్యపు బస్తా బొమ్మను ఎత్తును వెడల్పును రెండింతలు చేసి గీచినచో కాగితముపై దాని వైశాల్యము నాలుగింతలగును. చూచువాడు దానిని నిజమైన బస్తాగా భావించినచో ఎనిమిదింతలు ధాన్యము పట్టునది కన్నులకు కట్టును. గీచినవాడు అబద్ధమాడలేదు, అయినను బొమ్మ అబద్ధము చెప్పినది. ఒక బస్తా ప్రక్కన అంతే పరిమాణముగల మరియొక బస్తాను గీచినచో లెక్కపెట్టుకొను అవకాశము చూచువానికే దక్కును. మాటలోని అబద్ధమును సందేహించు మనము బొమ్మలోని అబద్ధమును తేలికగా నమ్ముదుము. కావున గీచువాని బాధ్యత వ్రాయువాని బాధ్యతకంటె తక్కువది కాదు.

ఆ బృందములో మేరీ చేసిన పనిని 'రూపాంతరీకరణ' అనవచ్చును. పండితుడు ఇచ్చిన సమాచారమును మొదట తాను అర్థము చేసికొని, అందులో ప్రజలకు తెలియవలసినదేదో నిర్ణయించి, దానిని ఏ అమరికలో చూపవలెనో చిత్తుగా గీచి చిత్రకారునికి అందించుట ఆమె పని. పండితునికిని ప్రజలకును నడుమ నిలిచిన ధర్మకర్త స్థానమిది. ఆలోచించి చూచినచో తరగతిలో ఉపాధ్యాయుని స్థానమును ఇదియే. తనకు అర్థము కానిదానిని ఎవరును సూటిగా గీయలేరు. అర్థము కాని చోటును మాటలతో దాటవేయవచ్చును గాని, నల్లబల్లపై సుద్దముక్క అచ్చటనే ఆగిపోవును.

రాజకీయ విపత్తువలన వారు 1934లో వియన్నాను విడిచి హాలెండు చేరిరి. 1940లో జర్మను సేనలు అచటికిని రాగా చిన్న పడవలో సముద్రము దాటి ఇంగ్లండు చేరిరి. 1945లో నాయిరాత్ మరణించెను. అతని భార్యయైన మేరీ పనిని విడువలేదు. బాలలకొరకు విజ్ఞాన గ్రంథములను రూపొందించెను. 1950వ దశకమున పశ్చిమ నైజీరియా ప్రభుత్వముకొరకు విద్య, ఆరోగ్యము, ఓటుహక్కు మున్నగు విషయములపై ప్రచురణలను సిద్ధము చేసెను. అచ్చటి ప్రజల దుస్తులు, ఇండ్లు, పనులు ఆ బొమ్మలలోనికి రావలసి వచ్చినవి. వియన్నా కార్మికునికి తెలిసిన టోపీ ఆఫ్రికా రైతునకు ఏమి చెప్పును? బొమ్మ సార్వజనీనమైనదని మనమనుకొందుము గాని, దానికిని దేశకాలములున్నవి.

ఇట్టి అవసరము మన దేశమునకును కలిగినది. 1951 జనాభా లెక్కల ప్రకారము అక్షరాస్యులు నూటికి సుమారు 18 మంది మాత్రమే. 1951-52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె నుంచి, దానిపై గుర్తును అంటించిరి. అక్షరము రాని కోట్లాదిమంది ఆ గుర్తును చూచి తమ తీర్పును చెప్పిరి.

అయితే బొమ్మకు చేతకానివియు కలవు. 'ఐనచో', 'ఐనప్పటికిని', 'కాకపోవచ్చును' అను మాటలను గీయుట కష్టము. బాణపు గుర్తునే చూడుడు. నీటి చక్రమును చూపు పటములో అది 'పోవుచున్నది' అని చెప్పును. కప్ప జీవిత దశల పటములో 'మారుచున్నది' అని చెప్పును. ఆహారపు గొలుసులో గడ్డినుండి మిడుతకు, మిడుతనుండి కప్పకు గీచిన బాణము శక్తి పోవు దిక్కును తెలుపును; పిల్లవాడో 'తినును' అని చదువుకొని, గడ్డి మిడుతను తినునా యని తికమకపడును. తప్పు పిల్లవానిది కాదు. బాణము ప్రక్కన ఒక్క మాట వ్రాసియుండవలసినది. బొమ్మ మాటకు పోటీ కాదు. రెండును ఒకదాని లోటును ఒకటి పూరించుకొనవలసినవే.

ఈ విద్యను బడిలో నేర్పుటకు ఖరీదైన పరికరములు అక్కరలేదు. విద్యార్థి మొదట తాను చెప్పదలచినదానిని ఒక్క వాక్యముగా వ్రాయవలయును. వాక్యము కుదరనిచో బొమ్మయు కుదరదు. తరువాత ఆ వాక్యమునకు పనికిరాని గీతనెల్ల తుడిచివేయవలయును. ఒక వస్తువునకు ఒకే గుర్తును మొదటినుండి చివరివరకు వాడవలయును. పిమ్మట ఆ పాఠము విననివానికి దానిని చూపి, 'ఇందులో నీకేమి కనబడుచున్నది?' అని అడిగి, గీచినవాడు మౌనముగా కూర్చుండవలయును. ఈ చివరి మెట్టే అన్నింటికంటె కఠినము. ఎదుటివాడు తప్పుగా చదువుచున్నపుడు 'అది కాదు, నా ఉద్దేశము ఇది' అని నోటివరకు వచ్చిన మాటను మ్రింగవలయును. పుస్తకములోని బొమ్మ ప్రక్కన దానిని గీచినవాడు నిలుచుండి వివరింపడు గదా!

మార్కులకొరకు పటమును చూచి దింపుకొను అలవాటు మన బడులలో బలముగా నాటుకొన్నది. దింపిన పటము విద్యార్థి చేతినేర్పును తెలుపును. తానుగా ఊహించి గీచిన పటము, అది వంకరగానున్నను, వానికి ఏమి అర్థమైనదో, ఎచ్చట అర్థము కాలేదో తెలుపును. ఉపాధ్యాయునకు కావలసినది ఆ రెండవదియే.