వేసవి ప్రయాణానికి కారు సిద్ధమేనా?



మే నెల పెండ్లిళ్లకు సిద్దిపేట నుండి హైదరాబాదుకు, రాజీవ్ రహదారి మీదుగా సుమారు 100 కిలోమీటర్లు, ఇంటిల్లిపాదీ కారులో బయలుదేరుతుంటారు. ముందు రోజే ఇంజను చల్లగా ఉన్నప్పుడు కూలెంటు చూడండి. బోరు నీళ్లు పోయకండి. వాటిలోని సున్నం రేడియేటరులో పేరుకొంటుంది. దారిలో ఇంజను వేడెక్కితే బండి ఆపండి. చల్లారక ముందే మూత తీస్తే మరిగే నీరు ముఖం మీదికి చిమ్ముతుంది. టైర్లలో గాలి తగ్గించవద్దు. గాలి తక్కువైన టైరే ఎక్కువ వేడెక్కి పగులుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైన మాట: పసిబిడ్డ నిద్రపోతున్నదని కారులో వదలి వెళ్లకండి. బయట 35 డిగ్రీలున్నా, ఎండలో నిలిపిన కారు లోపల అరగంటలో 50 దాటుతుంది. అద్దం కొంచెం దించినా అంతే. దిగిన ప్రతిసారీ వెనుక సీటు చూడండి. బండి చెడితే బాగుచేయించుకోవచ్చు, బిడ్డను తిరిగి తెచ్చుకోలేము.